ఆపరేషన్ అయ్యి రెండు రోజులైనా అమ్మకు సోయి రాలేదు, సీటీ నార్మల్ అన్నారు. ఇంకా ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మగారికి 74 ఏళ్లు, మునుగోడు దగ్గర పల్లె, బీపీ, షుగర్ ఉన్నాయి. వాకిట్లో జారిపడి తుంటి విరిగింది. నడుముకు ఇంజెక్షన్ కుదరక పూర్తి మత్తు ఇచ్చి ఆపరేషన్ చేశారు. గొంతులో పైపు తీసేశారు, ఊపిరి తనే తీసుకుంటున్నారు, అప్పుడప్పుడు కళ్లు తెరుస్తున్నారు కానీ మనిషిని పోల్చుకోవడం లేదు, మాట లేదు. తలకు సీటీ తీస్తే నార్మల్ అని వచ్చింది. "వయసు కదా, మత్తు మెల్లగా దిగుతుంది" అంటున్నారు. మత్తు ఎక్కువ ఇచ్చారా, మెదడు దెబ్బతిందా, హైదరాబాద్ తీసుకెళ్లాలా అని మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. రెండు రోజులు దాటినా సోయి లేకపోతే దాన్ని మత్తు మందు మీదికి నెట్టి ఊరుకోకూడదు. సీటీ నార్మల్ వచ్చినంత మాత్రాన మెదడుకు ఏమీ కాలేదని అనుకోకూడదు. ముందు రక్త పరీక్షలు, ఇస్తున్న మందుల చీటీ మొత్తం మళ్లీ చూడాలి. అవి సరిగ్గా ఉంటే ఇంక కావాల్సినవి రెండే, మెదడు కరెంటును గీతలుగా చూపే ఈఈజీ, కొత్త పక్షవాతం మచ్చల్ని పట్టే డిఫ్యూజన్ వరుసతో కలిపి ఎంఆర్ఐ. రెండిట్లో ముందు ఈఈజీ అంటాను, ఎందుకంటే అందులో బయటపడే జబ్బుకు మందుంది, అది ఆ పూటే మొదలుపెట్టొచ్చు.

నేను చాలా ఏళ్లుగా నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఆస్పత్రుల్లో మత్తు ఇస్తున్నాను. మీ అమ్మగారిని చూడలేదు, కాబట్టి ఆమెకు ఫలానా జబ్బు అని చెప్పను. ఇలాంటి పేషెంటు నా ముందుంటే ఏ వరసలో ఆలోచిస్తానో అదే రాస్తున్నాను.

మత్తు సంగతి ముందు తేల్చేద్దాం. వయసు పెరిగేకొద్దీ మత్తు తక్కువే సరిపోతుంది, పీల్చే మందుల అవసరం 40 ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకూ దాదాపు 6 శాతం చొప్పున తగ్గుతుంది. పెద్దవాళ్లు ఆలస్యంగా లేవడం మామూలే, కానీ ఆ ఆలస్యం గంటల లెక్క. సాధారణంగా ఆపరేషన్ ముగిసిన అరగంట, గంటలోపు పిలిస్తే పలకాలి. ప్రొపోఫాల్, సెవోఫ్లురేన్ లాంటి మత్తు మందులు రెండు రోజులు ఉండవు. ఉండేవి వేరే ఉన్నాయి: కిడ్నీలు సరిగా పనిచేయని మనిషికి మార్ఫిన్, ట్రమడాల్, నరాల నొప్పికని ఇచ్చే గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ బిళ్లలు ఒంట్లో పేరుకుపోతాయి. రాత్రి అరుస్తోందని నర్సు చేత వేయించిన నిద్ర ఇంజెక్షన్ కూడా లెక్కలోకి రావాలి. కేస్ షీట్‌లో ఈ రెండు రోజులూ ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారో రాసి ఉంటుంది. అది చూస్తే సగం తేలుతుంది.

తర్వాత షుగర్, సోడియం, కిడ్నీ పని చెప్పే క్రియాటినిన్, రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్. ఇవి మామూలు కారణాలు, అందుకే తొందరగా దాటేస్తాను. ఒక్కమాట మాత్రం. షుగర్‌కు గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వేసుకునే పెద్దవాళ్లను ఆపరేషన్ కోసం ఉపవాసం ఉంచితే, కిడ్నీ కూడా నీరసంగా ఉంటే, షుగర్ ఒకసారి ఎక్కించాక కూడా మళ్లీ మళ్లీ పడిపోతుంది. ఉదయం ఒకసారి చూశాం, బాగుంది అంటే చాలదు. కాస్త మందకొడిగా, మాట్లాడకుండా పడుకుండిపోయే సన్నిపాతం (డెలీరియం) కూడా తుంటి విరిగిన పెద్దవాళ్లలో బాగా కనిపిస్తుంది, అది కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది. కానీ అదే అని తేల్చుకునే ముందు కింద రాసినవి కాదని చూసుకోవాలి.

ఇక అసలు విషయం, తక్కువగా వచ్చేవి, వచ్చినప్పుడు సులభంగా తప్పిపోయేవి.

కనపడని ఫిట్స్. ఫిట్స్ అంటే కాళ్లూ చేతులూ కొట్టుకోవాలి, నురగ రావాలి అనుకుంటాం. మెదడులో ఫిట్ ఆగకుండా నడుస్తూ, ఒంటి మీద ఏమీ కనిపించకపోవచ్చు. మనిషి కళ్లు తెరిచి పైకప్పు చూస్తూ ఉంటుంది, పిలిస్తే పలకదు. అమెరికాలో 2000లో అచ్చయిన ఒక అధ్యయనంలో, పైకి ఫిట్స్ ఆనవాళ్లే లేని 236 మంది కోమా పేషెంట్లకు ఈఈజీ తీస్తే 8 శాతం మందిలో ఇది దొరికింది. వాళ్లందరూ ఆపరేషన్ అయినవాళ్లు కారు, రకరకాల కారణాలతో కోమాలో ఉన్నవాళ్లు. కానీ చూడకపోతే తెలియదన్న మాట మాత్రం మనకూ వర్తిస్తుంది.

మన జిల్లాల్లో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది, పెద్ద పుస్తకాల్లో అంత వివరంగా ఉండదు. కల్లు. చెట్టు కల్లు గురించి కాదు నేను చెప్పేది. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన మందు కల్లు. రోజూ సాయంత్రం తాగే ముసలాయన ఆస్పత్రిలో చేరిన రోజు నుంచి అది ఆగిపోతుంది. రెండో రోజు, మూడో రోజుకు చేతులు వణకడం, కలవరింత మొదలవుతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి, కొందరికి అవి ఇలా లోపలే నడుస్తాయి. నిద్రమాత్రల రకం మందులు ఉన్నట్టుండి ఆగినప్పుడు, అంతకుముందు ఎప్పుడూ ఫిట్స్ లేని పెద్దవాళ్లలో కూడా ఇలా రావడం వైద్యంలో తెలిసిన విషయమే.

కల్వకుర్తి వైపు ఒక పెద్దాయన గుర్తున్నాడు. ఆపరేషన్ అయ్యాక మత్తు నుంచి బాగానే లేచాడు, కొడుకుతో మాట్లాడాడు. మూడో రోజు పొద్దున నన్ను పిలిచారు, మనిషి మొద్దుబారిపోయాడని. మంచం పక్కన నిలబడి చాలాసేపు ఆయన ముఖమే చూశాను. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, ఎడమ రెప్ప కింది అంచు సన్నగా అదురుతోంది, మధ్యమధ్య పెదవి మూల లాగుతోంది, అంతే. చేయి ఎత్తి వదిలితే ఎత్తిన చోట కాసేపు అలాగే ఆగి మెల్లగా దిగింది. కోడలిని పక్కకు పిలిచి అడిగితే, కల్లు సంగతి అప్పుడు బయటికొచ్చింది. ఈఈజీ మిషన్ తెప్పించాం, గీతల నిండా ఫిట్సే. లోరాజెపాం ఇంజెక్షన్ మెల్లగా ఇస్తూ గీతలు చూస్తున్నాం, ఫిట్స్ గీతలు ఆగిపోయాయి, కొన్ని నిమిషాలకు ఆయన నాలుకతో పెదవులు తడుపుకుని "నోరెండుతాంది, నీళ్లియ్యుండ్రి" అన్నాడు. అందరికీ ఇంత తొందరగా తిరగదు, చాలామందికి ఫిట్స్ మందులు రోజుల తరబడి నడపాలి, పైగా ఈ ఇంజెక్షన్‌తో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది కాబట్టి ఐసీయూలోనే ఇవ్వాలి. అయినా ఈఈజీ ముందు అని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

అందుకే దయచేసి సిగ్గుపడకండి. అమ్మ కల్లు తాగుతుందా, నిద్రమాత్ర వేసుకుంటుందా, ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరు తెలియని బిళ్లలు ఏమైనా వాడుతోందా, ఉన్నది ఉన్నట్టు డాక్టరుకు చెప్పండి. ఆడవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు ఇది అస్సలు చెప్పరు. తాగిందని ఎవరూ తప్పుపట్టరు, చెప్పకపోతే మాత్రం వైద్యం దారి తప్పుతుంది.

కనపడని ఫిట్స్‌కు ఇంకో కారణం ఇంజెక్షన్లే కావచ్చు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు సెఫిపైమ్ అనే యాంటీబయాటిక్ మోతాదు తగ్గించకుండా ఇస్తే మెదడు మీద పనిచేసి ఇలాంటి స్థితి తెస్తుంది, అమెరికా ఎఫ్‌డీఏ 2012లోనే దీనిపై హెచ్చరిక ఇచ్చింది. మందు ఆపి, అవసరమైతే డయాలసిస్ చేస్తే చాలామంది తేరుకుంటారు. రక్తస్రావం ఆగడానికి ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్ పెద్ద మోతాదులో, ముఖ్యంగా గుండె ఆపరేషన్లలో, ఫిట్స్ తెస్తుందని తెలుసు. ఎప్పుడో మెదడులో వచ్చి గట్టిపడిన చిన్న పురుగు గడ్డ ఉన్నా, చిన్నప్పుడు ఫిట్స్ వచ్చి తగ్గి ఉన్నా, ఆపరేషన్ ఒత్తిడిలో మళ్లీ తలెత్తొచ్చు.

సీటీలో కనపడని పక్షవాతం. పక్షవాతం అంటే ఒక పక్క చేయి, కాలు పడిపోవడమే అనుకుంటాం. మనిషిని మెలకువగా ఉంచే భాగాలు మెదడు నడిమధ్యన, కింద కాండంలో ఉంటాయి. అక్కడికి రక్తం ఆగితే చేయి కాలు రెండూ కదులుతూనే ఉంటాయి, సోయి మాత్రం రాదు. థాలమస్ అని మెదడు మధ్యలో కుడి ఎడమ రెండు ముద్దలుంటాయి. మామూలుగా రెంటికీ వేర్వేరు సన్నటి నాళాలు రక్తం ఇస్తాయి. కొద్దిమందికి పుట్టుకతోనే రెంటికీ కలిపి ఒకటే నాళం ఉంటుంది, ఫ్రెంచి వైద్యుడు పెర్షెరాన్ దీన్ని 1973లో వివరించాడు, ఆయన పేరే దానికి ఉంది. ఆ ఒక్కటి మూసుకుపోతే రెండు పక్కలా ఒకేసారి దెబ్బ. మొదట్లో తీసిన సీటీ చాలాసార్లు నార్మల్‌గానే వస్తుంది, ఎంఆర్ఐలో డిఫ్యూజన్ వరుస చూస్తే రెండు తెల్లటి మచ్చలు పక్కపక్కన కనిపిస్తాయి.

నేను చూసిన ఒకావిడ మిర్యాలగూడ వైపు. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బుంది, రక్తం పలచబడే మందు ఆపరేషన్ కోసం ఆపారు, అది ఆపక తప్పదు కూడా. తర్వాత లేవలేదు. గిల్లితే కళ్లు తెరిచేది, పేరు గొణిగేది, మళ్లీ నిద్ర. రెప్పలు ఎత్తిపట్టి వేలు పైకి జరిపి చూడమంటే కళ్లు పక్కలకు తిరిగాయి కానీ పైకి లేవలేదు. కళ్లు పైకీ కిందికీ తిరగకపోవడం దీనికి పెద్ద గుర్తు. ఎంఆర్ఐలో అదే తేలింది. ఆమె ప్రాణానికి ముప్పు లేకుండా ఇంటికెళ్లింది, కానీ పగలంతా నిద్ర, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండకపోవడం చాలాకాలం ఉన్నాయి. ఇలా అవుతుందని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పగలగడం కూడా వైద్యమే.

మెదడు కాండానికి రక్తం ఇచ్చే పెద్ద నాళం, బేసిలార్, మూసుకుంటే ఇంకా ప్రమాదం. అందులో ఒక రకంలో మనిషికి పూర్తి సోయి ఉంటుంది, అన్నీ వినపడతాయి, కానీ ఒళ్లంతా బిగిసిపోయి నోరు కూడా కదలదు, కళ్లు పైకీ కిందికీ తిప్పడం, రెప్ప కొట్టడం మాత్రమే మిగులుతాయి. కాబట్టి అమ్మ దగ్గరికెళ్లినప్పుడు చెవి దగ్గర నిదానంగా "అమ్మా, వినపడితే కళ్లు రెండుసార్లు మూసి తెరువు", "పైకి చూడు" అని అడగండి. తొందరపడకుండా ఆగి చూడండి. ఆమె ముందు ఆశ లేదన్న మాటలు అనకండి. పెద్ద నాళం మూసుకుంటే తొడ దగ్గర నుంచి తీగ పంపి గడ్డ తీసే చికిత్స హైదరాబాద్‌లో ఉంది, ఎంపిక చేసిన పేషెంట్లకు 24 గంటల వరకూ చేస్తారు. కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, పెద్ద ఆపరేషన్ అయిన వెంటనే అది సాధారణంగా ఇవ్వరు. మీకు ఆ సమయం దాటి ఉండొచ్చు. ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను, లేవాల్సిన సమయానికి లేవకపోతే మొదటి గంటల్లోనే అడగాలి.

ఎముక కొవ్వు మెదడుకెక్కడం. మీ అమ్మగారి విషయంలో దీన్ని తప్పకుండా చూస్తాను, తుంటి విరిగింది కాబట్టి. పెద్ద ఎముక విరిగినప్పుడో, దాంట్లో రాడ్, బాల్ దించేటప్పుడో లోపలి మూలుగ కొవ్వు చుక్కలుగా రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బయటపడుతుంది. ఆక్సిజన్ పడిపోవడం, మగత, చంకల్లో, ఛాతీ మీద, కింది రెప్ప లోపల సూదిమొనంత ఎర్రటి చుక్కలు. చుక్కలు అందరికీ రావు, వచ్చినా నల్లటి ఒంటి మీద సరిగా కనిపించవు, రెప్ప లాగి చూడాలి. సీటీ నార్మల్. ఎంఆర్ఐలో మెదడంతా చుక్కలు చుక్కలుగా, చీకటి రాత్రి ఆకాశంలో చుక్కల్లా కనిపిస్తుంది. దీనికి ప్రత్యేకంగా మందు లేదు, ఆక్సిజన్, బీపీ నిలబెట్టడం, ఓపిక. అయినా కారణం తెలిస్తే మేలు, ఎందుకంటే వారాలు పట్టినా చాలామంది బాగా తేరుకుంటారు, ఆ ఆశతో వైద్యం ఆపకుండా సాగించొచ్చు.

తల పొర కింద పాత రక్తం. పెద్దవాళ్లు పడటం ఒకసారితో ఉండదు. రెండు మూడు వారాల కింద పడి తలకు చిన్న దెబ్బ తగిలి ఉంటే, ఆ రక్తం రంగు సీటీలో మెదడు రంగుతో కలిసిపోయే దశ ఒకటుంది. రెండు పక్కలా సమానంగా ఉంటే మెదడు పక్కకు జరగదు, అప్పుడు తొందరలో చూసినవాళ్లకు నార్మల్‌లానే కనిపిస్తుంది. ఈ మధ్య ఇంకెప్పుడైనా పడిందా అన్నది గుర్తు తెచ్చుకుని చెప్పండి, సీటీని రేడియాలజిస్టు చేత మళ్లీ చదివించండి.

మీది మునుగోడు దగ్గర అన్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో కొందరికి వెన్ను వెదురుబొంగులా బిగుసుకుపోతుంది, మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు నాకు ఇది రోజూ కనిపించేదే. నడుముకు సూది దిగకపోవడానికీ అదే కారణం కావచ్చు. ఇలాంటివాళ్లకు మెడలో నరాల కాలువ కూడా ఇరుకై ఉండొచ్చు. గొంతులో పైపు వేయడానికి మెడ వంచినప్పుడు, ఎంత జాగ్రత్తగా చేసినా, వెన్నుపాము నలిగే అవకాశం ఉంది. అప్పుడు మనిషికి సోయి ఉంటుంది, ముఖం కదులుతుంది, రెండు చేతులూ రెండు కాళ్లూ కదలవు. బయటినుంచి చూసేవాళ్లు లేవలేదనే అనుకుంటారు. మీ అమ్మగారికి మాట కూడా లేదు కాబట్టి ఒక్క మెడతో లెక్క కుదరదు, కానీ ఎంఆర్ఐకి తీసుకెళ్తే మెడ కూడా కలిపి తీయమని అడగండి.

సోయి ఉండి కదలలేకపోవడానికి ఇంకోటి, గొంతులో పైపు వేయడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ మందు దిగకపోవడం. ఆర్యవైశ్య కుటుంబాల్లో పుట్టుకతోనే ఈ మందును కరిగించే ఎంజైమ్ తక్కువగా ఉండటం ఎక్కువ, పురుగుమందులు కొట్టే రైతుల్లో కూడా ఆ ఎంజైమ్ పడిపోతుంది. ఇది గంటల్లో సర్దుకుంటుంది, మీకు రెండు రోజులైంది కాబట్టి ఇది కాదు.

ఇంకొన్ని పేర్లు చెప్పి వదిలేస్తాను, ఆమెకు వర్తించేవి ఉంటే పట్టుకోండి. వణుకు జబ్బుకు (పార్కిన్సన్) లెవోడోపా వాడుతుంటే, నోటితో ఇవ్వలేమని ఆపేస్తే మనిషి కొయ్యబారిపోతుంది. ముక్కు పైపులోంచి వేయాలి, వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇవ్వకూడదు. రోజూ తాగే అలవాటున్నా, సరిగా తినక చిక్కిపోయి ఉన్నా, బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలి, గ్లూకోజ్ ఎక్కించేముందే ఇవ్వాలి. బాగా తగ్గిన సోడియంను ఒక్కరోజులో పైకి లాగేస్తే, మొదట తేరుకున్న మనిషి కొన్ని రోజులకు మళ్లీ పడిపోవచ్చు. 24 గంటల్లో లీటరుకు 8 నుంచి 10 మిల్లీమోల్‌కు మించి పెంచకపోవడం అందుకే. థైరాయిడ్ ఎన్నడూ చూపించకపోతే ఒకసారి చూపించండి.

ఎంఆర్ఐ గురించి ఒక అపోహ. "తుంటిలో రాడ్ వేశారు, ఎంఆర్ఐ తీయకూడదు" అని కింది సిబ్బంది చెప్తుంటారు. ఇప్పుడు వేసే ఇంప్లాంట్లలో దాదాపు అన్నింటికీ తీయొచ్చు, కేస్ షీట్‌లో ఇంప్లాంట్ స్టిక్కర్ అంటించి ఉంటుంది, దాని ఫోటో తీసుకెళ్లి స్కాన్ సెంటర్‌లో చూపించండి. పేస్‌మేకర్ ఉంటే మాత్రం తప్పనిసరిగా ముందే చెప్పాలి. ఈఈజీకి ఏ భయమూ లేదు, తలకు పేస్ట్‌తో తీగలు అంటిస్తారు, అరగంట పని, నొప్పి ఉండదు, చిన్న మిషన్ మంచం దగ్గరికే తేవచ్చు. ఒకసారి నార్మల్ వచ్చి అనుమానం మిగిలితే మళ్లీ, ఇంకా ఎక్కువసేపు తీయాలి.

హైదరాబాద్ వెళ్లాలా అంటే, ఈఈజీ, ఎంఆర్ఐ, చూసే న్యూరాలజిస్టు ఈ మూడూ ఇవాళ మీ టౌన్‌లోనే దొరికితే వెళ్లనక్కర్లేదు. దొరకకపోతే వెళ్లండి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్ ఉంది. ముందు ఫోన్ చేసి మంచం ఉందో లేదో కనుక్కోండి. ఊపిరి, బీపీ నిలకడగా ఉన్నాయని డాక్టరు చెప్పాకే కదలండి, ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్‌లో, ఒక నర్సును తోడు పెట్టుకుని. మత్తు చార్టు, మందుల చీటీ, సీటీ సీడీ వెంట ఉండాలి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.

డాక్టరుతో గొడవ పెట్టుకోకండి. "మత్తు ఎక్కువిచ్చారా" అని మొదలుపెడితే ఆయన తనను కాపాడుకునే మాటలే మాట్లాడతాడు. "సార్, రక్త పరీక్షలు బాగున్నాయి కదా, లోపల ఫిట్స్ ఏమైనా ఉన్నాయేమో ఈఈజీ తీయిద్దామా, న్యూరాలజిస్టుకు చూపిద్దామా" అని అడగండి. ఇది కాదనే డాక్టరు తక్కువ.

సోడియం, క్రియాటినిన్ ఎంతున్నాయో, ఏ యాంటీబయాటిక్ ఇస్తున్నారో, ఆపరేషన్ తర్వాత ఒక్కసారైనా లేచి మాట్లాడిందా లేక మొదటి నుంచీ ఇలాగే ఉందా, ఆక్సిజన్ పెట్టకుండా ఎంత చూపిస్తోందో రాయండి. రాత్రి డ్యూటీలోనే ఉంటాను, చూసి జవాబు ఇస్తాను.